పిల్లలకు రూపాయి సంగతి తెలియకుండా పెంచడం ఎలా?

పిల్లలకు చిన్నప్పటి నుంచే డబ్బు వ్యవహారాలు నేర్పాలని ఈమధ్య ఒక ప్రచారం బయల్దేరింది. రిజర్వు బ్యాంకు అంతటిది ‘రాజు అండ్ ద మనీ ట్రీ’ అని పిల్లల కోసం బొమ్మల పుస్తకం వేసింది. పదేళ్ళు దాటిన పిల్లలు సేవింగ్స్ ఖాతాను సొంతంగా నడుపుకోవచ్చని 2014లో బ్యాంకులకు చెప్పింది. పోస్టాఫీసు వాళ్ళూ పదేళ్ళ పిల్లల చేత సంతకం పెట్టించుకుని ఖాతా తెరుస్తున్నారు. ఇన్ని ఒత్తిళ్ళ మధ్య మన పెంపకాన్ని కాపాడుకోవడం కష్టంగానే ఉంది. అయినా అధైర్యపడకండి. పాతికేళ్ళు వచ్చేదాకా ఒక్క రూపాయి విషయంలోనూ సొంత నిర్ణయం తీసుకోకుండా పిల్లల్ని పెంచడం సాధ్యమే. మన ఇళ్ళలో తరాలుగా పనిచేస్తున్న పద్ధతులే చాలు, కొత్తవి కనిపెట్టక్కర్లేదు.

చుట్టాలు చేతిలో పెట్టే నోటుతో మొదలుపెట్టండి. తాతగారు ఊరికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి మనవరాలి గుప్పెట్లో రెండొందల నోటు పెడతారు. ఆ పిల్ల మీ మొహం వంక చూస్తుంది. మీరు ‘‘ఎందుకు నాన్నా ఇప్పుడివన్నీ’’ అంటారు. ఆయన ‘‘ఉంచవమ్మా, ఏదైనా కొనుక్కుంటుంది’’ అంటారు. ఇంతవరకూ అందరికీ వచ్చిందే. అసలు విద్య ఆటో వీధి మలుపు తిరిగాక ఉంది. వెంటనే చెయ్యి చాపండి. ‘‘ఇలా ఇవ్వు, పారేసుకుంటావు. నేను దాచిపెడతాలే.’’ అమ్మ బ్యాంకులో ఖాతా తెరిచినట్టే.

ఈ బ్యాంకుకు సాటి లేదు. పాసుబుక్కు ఉండదు, వడ్డీ ఉండదు. మామూలు బ్యాంకులో డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. వెయ్యడమే గానీ తియ్యడం ఉండదు. ఆర్నెల్ల తర్వాత పిల్ల వచ్చి ‘‘అమ్మా, నా డబ్బులతో రంగుల పెట్టె కొనుక్కుంటా’’ అని అడిగితే తడబడకండి. ‘‘నీ డబ్బులా! నీకు కట్టిన ఫీజులు, కుట్టించిన బట్టలు లెక్కేస్తే నువ్వే నాకు బాకీ’’ అనండి. దాచుకున్నది మనకు దక్కదని ఆ పిల్లకు తెలిసిపోతుంది. దక్కదు కాబట్టి, చేతికందింది అందినచోటే ఖర్చుపెట్టెయ్యాలని కూడా తెలుస్తుంది. తెలివైన పిల్లలు ఈ రెండో సంగతిని ఒక్క పండగలోనే పట్టేస్తారు. వచ్చే సంక్రాంతికి తాతగారిచ్చిన నోటు మీరు చెయ్యి చాపేలోపే వీధి చివరి కొట్లో చాక్లెట్లుగా మారిపోతుంది. ‘‘ఈ కాలం పిల్లలకు పొదుపంటే ఏమిటో తెలీదు’’ అని మీరప్పుడు నిశ్చింతగా నిట్టూర్చవచ్చు.

కిడ్డీ బ్యాంకు కూడా కొనివ్వండి. తెలంగాణలోనైతే గల్లగురిగి. దాని ఉపయోగం నెలాఖరున తెలుస్తుంది. పాలబ్బాయికో ఆటో అతనికో చిల్లర తక్కువైతే అందులోంచి తీసుకోండి. పిల్లాడికి మాత్రం చెప్పకండి. చెబితే అది అప్పవుతుంది. అప్పు అన్నాక ఎప్పుడు తీరుస్తారని వాడడుగుతాడు. అన్న తేదీకి తీరిస్తే మాట నిలబెట్టుకోవడం ఎలాగో చూసి నేర్చుకునే ప్రమాదం ఉంది.

తర్వాత కిరాణా కొట్టు. పిల్లల్ని ఒంటరిగా కొట్టుకు పంపకపోవడం ఉత్తమం. పంపక తప్పకపోతే చీటీ రాసివ్వండి, కొట్టతనికి ముందే ఫోన్ చేసి చెప్పండి. లెక్క మాత్రం వాడి చేత వేయించకండి. కాగితమూ పెన్సిలూ ఇచ్చి వదిలేస్తే పిల్లలు ఎంతకైనా తెగిస్తారు. పొట్లం మీద ఎమ్మార్పీ పక్కన గ్రాముకెంత, మిల్లీలీటరుకెంత అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి, పెద్దవాళ్ళం మనమెవరమూ దాన్ని చదవం. ఐదో తరగతి పిల్లాడు చదివాడంటే, పెద్ద షాంపూ సీసా కంటే రూపాయి సాషేలే చవకని చాలాసార్లు లెక్కతేల్చేస్తాడు. పోయినేడు పది రూపాయలున్న బిస్కెట్ పొట్లం ఇప్పుడూ పది రూపాయలే కదా, మరి లోపల బరువు ఎందుకు తగ్గిందని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ధరలు పెరగడమంటే ఏమిటో మీరు చెప్పాలి. అంత తీరిక ఎవరికుంది?

బస్టాండ్‌లో కూల్‌డ్రింక్ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సీసా మీద నలభై అని ఉంటుంది. కొట్టతను కూలింగ్‌కు కలిపి నలభై అయిదంటాడు. పిల్ల సీసా తిప్పి చదివి ‘‘నాన్నా, నలభయ్యే కదా ఉంది’’ అని పైకే అనేస్తుంది. ఎమ్మార్పీ అంటే పన్నులన్నీ కలుపుకున్న గరిష్ఠ ధర, అంతకు మించి పుచ్చుకోవడం చట్టవిరుద్ధం. చట్టం ఆ పిల్ల పక్షానే ఉంది. అందుకే వెంటనే నోరు మూయించాలి. ‘‘ఐదు రూపాయలకు గొడవేమిటే, పరువు పోతుంది’’ అనండి. డబ్బు విషయంలో అడగడం నామోషీ అని ఒక్కసారి పిల్లల మనసులో పడితే ఇక తిరుగుండదు. పెద్దయ్యాక హాస్పిటల్ బిల్లులో అర్థంకాని పద్దు కనబడినా అడగరు, అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ లెక్కలూ అడగరు. ఊరందరి చేత చీటీ కట్టించుకున్న మనిషి రాత్రికి రాత్రి ఊరొదిలిపోయేదాకా ఆ చీటీకి రిజిస్ట్రేషన్ ఉందా అని కూడా అడగరు.

పది రూపాయల నాణెం సంగతి సరే సరి. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లో విడిగా ప్రకటించింది. అయినా మన దగ్గర కొట్టువాళ్ళు కొందరు పుచ్చుకోరు. పిల్లాడు ఆ నాణెంతో వెనక్కి వస్తే ‘‘సరేలే, హుండీలో వేద్దాం’’ అనండి. దేవుడు డిజైన్ చూడడు.

నగదు కళ్ళబడకపోవడం ఇప్పటి తల్లిదండ్రులకు దొరికిన వరం. పూర్వం నాన్న పర్సు తీసి, నోట్లు లెక్కపెట్టి, ఒకటి వెనక్కి పెట్టుకుని మిగతావి ఇచ్చేవాడు. పర్సు సన్నబడటం పిల్లలు పక్కనుండి చూసేవాళ్ళు. ఇప్పుడు ఫోన్ చూపిస్తాం, కొట్లో డబ్బా ఇంత ముట్టిందని అరుస్తుంది, అయిపోయింది. ఆ డబ్బాలోంచి డబ్బు పుట్టుకొస్తుందనుకునే నాలుగేళ్ళ పిల్లలు ఎదురైతే సరిదిద్దకండి. నెల మొదట్లో ఖాతాలో ఎంత పడింది, అద్దెకూ కరెంటుకూ ఫీజులకూ ఎంత పోయింది అన్నవి తలుపులు వేసుకుని మాట్లాడుకోండి. పిల్లల్ని కూర్చోబెట్టి కరెంటు బిల్లు చూపించారో, రేపట్నుంచి వాళ్ళే ఫ్యాన్లు ఆర్పుతూ తిరుగుతారు. మనం ఏసీ వేసుకుంటే చూసే చూపు భరించలేం.

ఈ పెంపకానికి గుండెకాయలాంటి చిట్కా ‘నీ ఇష్టం’. పిల్లాణ్ణి జాతరకు తీసుకెళ్ళండి. వంద రూపాయలు చేతిలో పెట్టి ‘‘నీ ఇష్టం, ఏం కావాలంటే అది కొనుక్కో’’ అని నలుగురూ వినేలా చెప్పండి. వాడు పొంగిపోతాడు. రంగులరాట్నం దగ్గర ఆగుతాడు. ‘‘తిరిగి దిగితే ఏం మిగుల్తుందిరా?’’ అనండి. నీటి తుపాకి చూస్తాడు. ‘‘సాయంత్రానికి విరిగిపోతుంది’’ అనండి. మిరపకాయ బజ్జీల వైపు నడుస్తాడు. ‘‘ఆ నూనెలో నీ ఆరోగ్యం పాడవుతుంది’’ అనండి. చివరికి వాడు విసిగి ‘‘నువ్వే చెప్పు’’ అంటాడు. ఆ మాట కోసమే మనం ఇంతదూరం వచ్చాం. జామెట్రీ బాక్సు కొనిపించి, మిగిలిన నలభై అమ్మ బ్యాంకులో వేయండి.

జాతరలో ఇలా గెలిస్తే వాడి డిగ్రీ, ఉద్యోగం, పెళ్ళి ఖర్చు, చివరికి ఇంటి లోను దాకా ‘‘నువ్వే చెప్పు’’ అంటూనే ఉంటాడు. ఒకవేళ మీరు నోరు కట్టుకుని ఊరుకున్నారే అనుకోండి, ఏం జరుగుతుంది? నీటి తుపాకి కొంటాడు. అది సాయంత్రానికి విరుగుతుంది. ఏడుస్తాడు. వచ్చే జాతరలో తుపాకి చేతిలోకి తీసుకుని, గొట్టం నొక్కి చూసి, తిరిగి అక్కడే పెట్టేస్తాడు. ఎనభై రూపాయలకు ఇంత తెలివి! ఇలాగైతే తల్లిదండ్రులుగా మన అవసరం ఏముంటుంది?

‘డబ్బుల్లేవు’ అనే మాటను మాత్రం పొదుపు లేకుండా వాడండి. నూటయాభై రూపాయల కథల పుస్తకం అడిగితే ‘‘డబ్బుల్లేవురా’’ అనాలి. అదే రాత్రి ఆరొందల బిర్యానీ ఇంటికి తెప్పించుకోవాలి. ఉన్నదాంట్లో దీనికి ఇంత, దానికి ఇంత అని పంచుకుంటున్నామనో, ఈ నెల పుస్తకం కాదు, వచ్చే నెల చూద్దామనో నిజం చెప్పేస్తే పిల్లలకు లెక్క అర్థమైపోతుంది. చెప్పకపోతే డబ్బు అనేది నాన్న మూడ్‌ని బట్టి వస్తూ పోతూ ఉంటుందని అనుకుంటారు. అందుకు తగ్గట్టే, అడగాల్సిన సమయం ఏదో కనిపెట్టడంలో ఆరితేరతారు. అదీ ఒక చదువే.

ఆడపిల్ల ఉన్న ఇంట్లో కొన్ని అదనపు జాగ్రత్తలు. కొట్టుకు మగపిల్లాణ్ణే పంపాలి, మిగిలిన చిల్లర వాడికే వదిలెయ్యాలి. పిల్ల పేరున సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. అది మంచి పథకమే, నేను వెక్కిరించడం లేదు. కానీ ఏటా అందులో ఎంత వేస్తున్నారో, దాని మీద వడ్డీ ఎంతో ఆ పిల్లకు చెప్పకండి. పద్దెనిమిది నిండితే ఖాతా తన చేతికే వస్తుందని అసలే చెప్పకండి. ‘‘నీ పెళ్ళికి దాస్తున్నాం’’ అంటే చాలు. పిల్ల ఇంజినీరై, జీతం తెచ్చుకుంటూ, ఆ జీతం ఖాతా ఏటీఎం కార్డు పుట్టింట్లోనో అత్తారింట్లోనో ఇంకొకరి జేబులో ఉన్నా ఆశ్చర్యపోకుండా ఉండాలంటే పునాది పదేళ్ళలోపే పడాలి. ఈ పద్ధతి ఎంత బాగా పనిచేస్తుందో చూడాలంటే చుట్టుపక్కల నాలుగిళ్ళలో వాకబు చేయండి.

మార్కులకు రేటు కట్టడం గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. ఫస్టొస్తే సైకిలు, మంచినీళ్ళు తెచ్చిస్తే అయిదు రూపాయలు. కొన్నాళ్ళకు నీళ్ళ రేటు పెరుగుతుంది, అంతే.

ఫోను విషయానికొస్తే, దాని పాస్‌వర్డ్, పేమెంట్ పిన్ రెండూ పిల్లలకు తెలిసి ఉండాలి. లేకపోతే వాళ్ళు మాటిమాటికీ మిమ్మల్ని అడగాల్సి వస్తుంది. డబ్బు పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. ఆటలో తుపాకికి కొత్త రంగు కొనడం, డైమండ్లు కొనడం పందెం కిందికి రావు గనుక మన పిల్లలకు లోటేమీ లేదు. అసలు ధర రూపాయల్లో కాకుండా డైమండ్లలో చూపించడమే ఆ కంపెనీల గొప్పదనం. మనం ఇన్నేళ్ళు కష్టపడి చేసే పనిని వాళ్ళు ఒక్క తెర మీద చేసేస్తున్నారు. నెలాఖరు స్టేట్‌మెంట్ చూసి పిల్లాణ్ణి ఒక్కటి వేయండి, అంతటితో వదిలెయ్యండి. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పద్దూ చదివించకండి.

చివరగా ఒక హెచ్చరిక. కొన్ని ఇళ్ళల్లో పిల్లలకు ప్రతి ఆదివారం యాభై రూపాయలిచ్చి, వారం మధ్యలో అయిపోతే ఇంక ఇవ్వరట. మంగళవారానికే ఖాళీ చేసుకుని, తోటివాళ్ళు ఐస్‌క్రీం తింటుంటే చూస్తూ కూర్చున్నా పెద్దవాళ్ళు కరగరట, తిట్టను కూడా తిట్టరట. రైతుబజారుకు తీసుకెళ్ళి ధరల బోర్డు చదివించి, వంద రూపాయల్లో రెండు పూటల కూర నువ్వే తేల్చమంటారట. పిల్ల ఆ డబ్బంతా పుట్టగొడుగులకు పెట్టేస్తే మర్నాడు పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటారట, ఒక్క దెప్పుడు మాట లేకుండా. అలాంటి వాళ్ళ పిల్లలతో మీ పిల్లల్ని ఆడుకోనివ్వకండి.

1872 నాటి మన కాంట్రాక్టు చట్టం మైనర్లకు ఒప్పందం చేసుకునే అర్హత ఇవ్వలేదు. వాళ్ళు అప్పు పత్రం మీద సంతకం పెట్టినా చెల్లదు. అంటే పద్దెనిమిదేళ్ళ పాటు పిల్లలు ఎంత పెద్ద పొరపాటు చేసినా అది యాభై, వంద రూపాయల పొరపాటే. అంత చవకైన కాలాన్ని పూర్తిగా మనమే వాడుకుని, పొరపాట్లన్నీ జీతం వచ్చాకే మొదలయ్యేలా చూడటమే ఈ పెంపకం ఉద్దేశం. మొదటి జీతం పడిన నెలలోనే క్రెడిట్ కార్డు వస్తుంది. ఆ తర్వాత కొద్ది రోజులకు మీకు ఫోనొస్తుంది: ‘‘నాన్నా, మినిమం డ్యూ కడితే చాలంటగా?’’ చాలదు. మినిమం డ్యూ సాధారణంగా బిల్లులో అయిదు శాతం ఉంటుంది. మిగిలిన బాకీ మీద చాలా కార్డులు నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ వేస్తాయి. ఏడాదికి అది నలభై రెండు శాతం దాకా వెళ్తుంది.