బంతి ఎవరి చేతిలో ఉంది?

పోలీసు జాగిలానికి నెలల తరబడి తర్ఫీదిస్తారు. ఆ తర్వాత సర్టిఫికెట్ గోడకు తగిలించి నిద్రపోతానంటే కుదరదు. సాధన ఆగితే ముక్కు మొద్దుబారుతుంది. అందుకే మందుగుండు శాంపిల్ ఎక్కడో దాచి, మళ్ళీ మళ్ళీ వెతికిస్తారు. వాసన తగిలితే అది మొరగదు, గోకదు. గోకితే పేలొచ్చు గనక గమ్మున కూర్చుంటుంది. దాని జీతం ఓ బంతి, కాసేపు ఆట.

బాంబు ముందు గమ్మున కూర్చునేవాళ్ళు మన పల్నాట్లో ఖాకీలోనూ ఉన్నారు. జాగిలం కూర్చుంటే బాంబు దొరికినట్టు. వీళ్ళు కూర్చుంటే దొరకనట్టు.

పరీక్ష పెట్టేటప్పుడు శాంపిల్ ఎక్కడుందో జాగిలాన్ని నడిపే హ్యాండ్లర్‌కి కూడా చెప్పకూడదు. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 18 మంది హ్యాండ్లర్లను ఓ చర్చిలో వెతకమన్నారు. అక్కడ వాసన ఉందని నమ్మబలికారు. నిజానికి ఏమీ లేదు. అయినా ‘దొరికింది’ అన్న కేకలు రెండొందలు దాటాయి. పైవాడి మనసులో ఏముందో అదే వాసనగా తేలడం చూడటానికి అంత దూరం పోవాలా? గురజాలకు రండి. ప్రభుత్వం మారిన మర్నాడే ముక్కులు దిక్కు మార్చుకుంటాయి. నిన్నటిదాకా గుబాళించిన ఇల్లు ఇవాళ కంపు కొడుతుంది.

ఎండలో రొప్పే కుక్క నోటితో గాలి పీలుస్తుంది, వాసన సరిగా పట్టలేదు. రెంటచింతల ఎండ తెలిసినవాళ్ళెవరూ దాన్ని తప్పుపట్టరు. అదే మండలం పాల్వాయి గేట్ బూత్‌లో 2024 మే 13న ఈవీఎం పగిలినప్పుడు వెబ్ కెమెరాకు మాత్రం ఏ వడదెబ్బా తగల్లేదు. పగలగొట్టింది అప్పటి మాచర్ల ఎమ్మెల్యేనని ఎన్నికల సంఘమే చెప్పింది. ఆ దృశ్యం జనం కంటపడడానికి వారం పట్టింది. ఈలోగా జిల్లా ఎస్పీ సస్పెండయ్యారు, కలెక్టర్ బదిలీ అయ్యారు. జూన్‌లో ప్రభుత్వం మారింది. జూలైలో వినుకొండ నడిరోడ్డు మీద, అందరూ చూస్తుండగా, ఓ యువకుణ్ణి నరికి చంపారు. ఆ దృశ్యమూ ఫోన్లలో తిరిగింది. వాసన పట్టి తీసుకెళ్ళాల్సిన పనే లేని చోట పాపం జాగిలం ఏం చేస్తుంది?

జాగిలం చూపించిన జాడను గుడ్డిగా నమ్మొద్దని, అది గానీ దాని హ్యాండ్లర్ గానీ పొరబడవచ్చని 2001లో సుప్రీంకోర్టు హెచ్చరించింది. అదీ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే. నిజమే, కుక్కను బోనెక్కించి అడ్డుప్రశ్నలు వేయలేం. మరి నోరున్న సాక్షి సంగతి? “ఆ టయానికి నేను పొలంలో ఉన్నా సార్” అంటాడు. వాడి కళ్ళు బాగానే ఉన్నాయి. సాయంత్రానికి మళ్ళీ ఆ ఊరికే పోవాలి.

ఏలినవారికి, రేపు ఏలబోయేవారికి ఒకటే మనవి. జాగిలాలను కొనండి, మంచి జాతివే కొనండి. కానీ పట్టుకున్నవాడికి బదిలీ, కూర్చున్నవాడికి ప్రమోషన్ అన్న లెక్కన బంతి విసిరితే ఏ జాతి కుక్కయినా నెల తిరక్కుండా పాడైపోతుంది. ఈసారి ఎన్నికల ముందు బాంబుల కోసం గడ్డివాములు వెతికించేటప్పుడు, ఏ వామి వదిలెయ్యాలో హ్యాండ్లర్‌కి ఫోన్ చేసి చెప్పకండి.