కథ చదివి బొమ్మ వేసేవాళ్ళం

మా రోజుల్లో కథ చదవందే బొమ్మకు కూర్చునేవాళ్ళం కాదు. రచయిత దస్తూరీ ఎంత గజిబిజిగా ఉన్నా సరే, ఆ కాగితాలు మొదటినుంచి చివరిదాకా ఓసారి, చేత పెన్సిలు పట్టుకుని మరోసారి చదవాల్సిందే. మొన్న ఒక పత్రిక నుంచి ఫోన్ వచ్చింది. "కథంతా మీకెందుకండీ, టైము వేస్టు. సీను చెప్తాను రాసుకోండి. రచ్చబండ, నలుగురు పెద్దమనుషులు, ఏడుస్తూ ఒక ఆడమనిషి. సాయంత్రానికల్లా కావాలి" అన్నాడు కుర్రాడు. ఆవిడ ఎందుకేడుస్తోందయ్యా అంటే అతనికీ తెలీదు. అతనూ చదవలేదు.

ఎందుకో తెలియకుండా ఏడుపు ఎలా వెయ్యను? మొగుడు పోయిన మనిషి ఏడుపు వేరు, నలుగురిలో మాట పడ్డ మనిషి ఏడుపు వేరు. మాట పడ్డావిడ మొహం చూపించదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగిపోతుంది. అలాంటి చోట నేను వీపు వేస్తాను. మొహాలకంటే వీపులూ చేతులూ వెయ్యడం నాకు మొదటినుంచీ ఇష్టం. మొహం అబద్ధమాడుతుంది గానీ, గుమ్మం పట్టుకున్న చెయ్యి ఆడలేదు.

ఇంకో ఇష్టం కూడా ఉంది. కథలో కొట్లాట ఉంటే నేను కొట్లాట వెయ్యను. అది రచయిత రాసేశాడు కదా, మళ్ళీ నేనెందుకు? గొడవ ఇంకా మొదలుకాకముందు, పెద్దాయన కండువా భుజం మీంచి తీసి మంచం మీద పడేసిన క్షణం పట్టుకుంటాను. పాఠకుడు పత్రిక తెరవగానే ముందు చూసేది బొమ్మనే, కథ తర్వాత. కథలో గుట్టు బొమ్మలోనే తెలిసిపోతే రచయితకు అన్యాయం చేసినట్టే. ఏది వెయ్యాలన్నదానికంటే ఏది వెయ్యకూడదన్నదాని మీదే మేం ఎక్కువసేపు కూర్చునేవాళ్ళం. ఇవాళ్టి బొమ్మలు చూడండి, సగం కథల ముగింపు పైనే కనబడిపోతోంది.

అప్పట్లో పత్రికలు లెటర్‌ప్రెస్ మీద అచ్చయ్యేవి. మేం గీసిన బొమ్మను ఫొటో తీసి, జింకు రేకు మీదకు దించి, యాసిడ్‌లో పెట్టేవాళ్ళు. గీత ఉన్న మేర నిలిచేది, తక్కినదాన్ని యాసిడ్ తినేసేది. ఆ రేకును చెక్క దిమ్మకు కొట్టి టైపు పక్కన బిగిస్తే అదే బ్లాకు. అచ్చయ్యే సైజుకు ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి రెట్టింపు వేసి ఇచ్చేవాళ్ళం. బ్లాకులో చిన్నదయ్యేసరికి గీత బిగువుగా కనిపించేది. కానీ ఒత్తుగా గీసిన నీడ గీతలు కలిసిపోయి నల్లటి ముద్దయ్యేవి. పైగా న్యూస్‌ప్రింటు సిరా పీల్చేసేది. సన్నటి వెంట్రుక గీత అయితే అచ్చులో తెగిపోయేది. అందుకని పాళీ ఇండియన్ ఇంకులో ముంచేముందే, ఎక్కడ నలుపు నింపాలి, ఎక్కడ కాగితాన్ని తెల్లగా వదిలెయ్యాలి అన్నది తేల్చుకోవాలి. గీత తప్పితే తెల్ల పోస్టర్ కలర్ పూసి దిద్దాలి, లేదా బ్లేడుతో గీకాలి. గీకిన చోట మళ్ళీ గీస్తే సిరా పాకేది. అంత తంటా ఉంది కాబట్టే ఒక్కో గీతకూ ముందు ఆలోచన ఉండేది.

బాపు గీత చూడండి. 1933లో నరసాపురంలో పుట్టిన ఆ మహానుభావుడు లా చదివి, బొమ్మలకొచ్చి, అక్కణ్ణించి సినిమాలకెళ్ళి కూడా గీత వదల్లేదు. ఆయన ఎంత గీశాడో అంత వదిలేశాడు, ఆ వదిలెయ్యడమే నాకు అబ్బురం. వడ్డాది పాపయ్యది అందుకు పూర్తిగా ఎదురు దారి. వపా రంగులో ఒంటి పసుపు మీద పడ్డ పలచటి చీర, ఆ చీర కింద వెలుగు చూస్తూ గంటలు గడిపేవాళ్ళం. చందమామలో శంకర్ బేతాళ కథకు నెలనెలా విక్రమార్కుణ్ణి, భుజం మీద శవాన్ని వేశాడు. ఆ ఒక్క దృశ్యంతోనే పిల్లలు చీకట్లో పెరట్లోకి వెళ్ళడం మానేశారు. వీళ్ళెవరూ ఒకళ్ళలా ఒకళ్ళు గియ్యలేదు. బొమ్మ కింద సంతకం చెయ్యితో మూసినా ఎవరిదో ఇట్టే చెప్పేవాళ్ళం.

చూడ్డం కూడా మా పనిలో భాగమే. దామెర్ల రామారావు 1925లో పోయేనాటికి ముప్పై ఏళ్ళు నిండలేదు. రాజమండ్రిలో ఆయన పేర ఉన్న గ్యాలరీలో ఆ బొమ్మల ముందు నిలబడితే, మనుషుల్ని నిదానంగా చూసిన కన్ను తెలుస్తుంది. మేమూ బస్టాండుల్లో, సంతల్లో, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గీసినవాళ్ళమే. రుమాలు ఎలా చుడతారు, గోచీ ఎక్కడ దోపుతారు, బిందె చంకనెత్తుకున్న మనిషి నడుం ఎటు ఒరుగుతుంది, ఇవన్నీ చూసి నేర్చినవి.

ఇప్పుడు నాలుగు మాటలు టైపు చేస్తే కంప్యూటరే బొమ్మ ఇచ్చేస్తోందట. తెలుగు పల్లె వెయ్యమంటే ఏం వచ్చిందో నాకు చూపించారు. రైతు నెత్తిన రాజస్థానీ తలపాగా ఉంది. ఎద్దులు బండి ముందున్నాయి గానీ మెడల మీద కాడి లేదు. బండి ఎలా కదులుతోందో దేవుడికే తెలియాలి. దాన్నే ఒక పత్రిక రంగుల్లో అచ్చేసింది. నాకు కోపం కంప్యూటరు మీద కాదు. ట్యాబ్లెట్ మీద స్టైలస్‌తో ప్రాణం పోసే పిల్లల్ని చూశాను, వాళ్ళ చెయ్యి చూస్తే ముచ్చటేస్తుంది. ఆ పిల్లలకు కూడా కథ ఇవ్వరు, గడువివ్వరు, ఇచ్చే డబ్బు చెప్పుకోదగ్గది కాదు. నా కడుపుమంటంతా అక్కడే.

వెనక బొమ్మలో తేడా ఉంటే పాఠకులు ఊరుకునేవాళ్ళు కాదు. కవ్వానికి తాడు అలా చుడతారా అనీ, మా వైపు ఆడవాళ్ళు పైట అటు వెయ్యరనీ పోస్టు కార్డులు రాసేవాళ్ళు. బొమ్మ కింద పేరుండేది కాబట్టి ఆ కార్డు నేరుగా మా చేతికే వచ్చేది, జవాబు మేమే రాసేవాళ్ళం. కాడి లేని ఆ ఎద్దుల బొమ్మ కింద ఎవరి పేరూ లేదు. అడగాలనుకున్న రైతు ఎవరికి రాయాలి?