నా వెన్నుపూసకు వాటాదారులు

జ్వరము వచ్చి తగ్గినచో ప్రతిష్ఠ మందునకు దక్కును. తగ్గకున్నచో అపఖ్యాతి వైద్యునకు దక్కును. ఈ పంపకమును గూర్చి తగవులాడినవారిని నేనెరుగను. కాని, తనంతట తాను కుదురు స్వభావము గల రోగమొకటి మనుష్యుని నడుములో జొరబడి, వానిని ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్ళు త్రాగించి, ఒకనాడు చెప్పాపెట్టక వెడలిపోయెనేని, దానిని వెడలగొట్టిన ఘనత తమదే యని వీథి వీథియంతయు దావా వేయును. వ్యాసర్పాడిలో మా వాకిట నిప్పుడు నడచుచున్న వ్యాజ్యము అట్టిదే.

కారణము సామాన్యము. మా పేటలో నీళ్ళలారీ కూత వినబడినంతనే పండితపామరభేదము లేక ఎల్లరును రంగురంగుల ప్లాస్టిక్కు బిందెలతో బయలుదేరుదురు. నిండుబిందెను వంగి యెత్తి, దించకయే వెనుకనున్న అక్కగారికి దారి యిచ్చుటకై నడుము త్రిప్పినంతలో, లోపల నేదో కలుక్కుమనెను. మఱునాటికి నొప్పి నడుమును విడిచి, పిరుదు మీదుగా పిక్కకు దిగి, ఎడమకాలి చిటికెనవ్రేలియందు కాపురము పెట్టెను.

ఆటోలో బేసిన్‌బ్రిడ్జి మీదుగా స్టాన్లీ ఆసుపత్రికి పోవునప్పుడు, చెన్నపట్టణపు స్పీడుబ్రేకరులన్నియు నాకు వ్యక్తిగతముగా పరిచయమైనవి. డాక్టరుగారు నన్ను వెల్లకిల పరుండబెట్టి, మోకాలు వంచనీయక కాలు పైకెత్తిరి. కాలు 30 డిగ్రీలు దాటినదో లేదో గాని నా కేక వరండా దాటినది. వెన్నెముకలో పూసకును పూసకును నడుమ మొత్తము 23 డిస్కులు గలవనియు, ఒక్కొక్కదానికి వెలుపల నారపొరల చుట్టును, లోపల మెత్తని గుజ్జును ఉండుననియు, నా అట్టడుగు డిస్కులో పూర్ణపుబూరె పగిలి పూర్ణము బయటికి వచ్చినట్లు ఆ గుజ్జు వెలికుబికి కాలి నరమును ఒరయుచున్నదనియు వారు సెలవిచ్చిరి.

“మళ్ళీ లోపలికి నెట్టలేరా, డాక్టరుగారూ?”

“నెట్టనక్కరలేదండీ. మీ ఒళ్ళే దాన్ని తినేస్తుంది.”

దేహమునందలి భక్షకకణములు వెలికివచ్చిన గుజ్జును పరాయి సరుకుగా నెంచి కొంచెము కొంచెముగా కబళించుననియు, పూర్తిగా తెగి బయటపడిన పెద్ద ముక్కయే తరచు బాగుగా కరగుననియు విని నేను ఆశ్చర్యపడితిని. పెక్కుమందికి 6 నుండి 12 వారములలో కాలినొప్పి చాలవరకు తగ్గునట. కూర్చుండు తావున తిమ్మిరి యెక్కినను, మూత్రము ఆగినను, వశము తప్పినను, పాదము పైకి లేవక వ్రేలాడినను మాత్రము అర్ధరాత్రియని చూడక పరుగెత్తి రావలెనని గట్టిగా చెప్పి, నొప్పి మాత్రలు వ్రాసి, నడువుమని పంపివైచిరి.

ఇంతమాత్రపు వైద్యమును మా యింట నెవ్వరును వైద్యముగా నంగీకరింపలేదు. నేనును ఊరకుండలేక కొంత చదివితిని. 1934లో బోస్టను నగరమున మిక్స్‌టరు, బారు అను వైద్యులిరువురు ఈ కాలినొప్పికి డిస్కు పగులుట హేతువని ప్రకటించిన నాటినుండి శస్త్రమునకు గిరాకి పెరిగినది. 1994లో నడుమునొప్పి యెరుగని 98 మందిని స్కాను తీయగా, సగము మందికి పైగా డిస్కులు ఉబ్బియుండెనట! 2007లో డచ్చివారు రోగులను రెండు పక్షములుగా విభజించి చూడగా, ముందుగా కోయించుకొన్నవారికి ఉపశమనము శీఘ్రముగా కలిగెను గాని, ఏడాది తిరుగునప్పటికి ఉభయులును ఇంచుమించు సమానులైరి. ఇదంతయు మా అత్తగారికి వినిపింపగా ఆమె, “చదివితే నడుము నొప్పి పోతుందా, నాయనా? బోర్లా పడుకో, ఉప్పు కాపడం పెడతాను” అనెను.

భీష్ముడు అంపశయ్యపై పరుండి వచ్చినవారికెల్ల ధర్మములు చెప్పెను; నేను పరుండి వచ్చినవారెల్ల చెప్పినది వినవలసివచ్చెను. పితామహునికి బాణములే గాని సలహాలు గ్రుచ్చుకొనలేదు. పుత్తూరు కట్టు విరిగిన యెముకలకు ప్రసిద్ధమని ఎరిగియు, విరుగని నా నడుమునకు పుత్తూరు నూనె తెచ్చినవారు ఒకరు. ఇది ‘సుళుక్కు’, అనగా బెణుకు మాత్రమేయని తేల్చిన ఎదురింటి అక్కగారు మఱొకరు. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు మూడుమార్లు తన్నినచో పట్టిన నడుము విడునని ఆమె ప్రతిజ్ఞ. అట్టివాడు ఆమె కడుపుననే పుట్టియుండెను. వ్యాసర్పాడి ఫుట్‌బాల్‌కు పేరుమోసిన పేట యని పాఠకులు వినియే యుందురు. ఈ కుఱ్ఱవాడు ఇక్కడి మైదానమున పెనాల్టీలు కొట్టువాడు. వాని పిక్కలు చూచి నా భార్య, “ఏమండీ, డాక్టరుగారు చెప్పినట్టు నడవండి, చాలు” అనెను.

ఫిజియోథెరపీ గదిలో నన్ను బోర్లపరుండి మోచేతులపై లేవుమనిరి. ఈ పద్ధతి పుట్టుక చిత్రమైనది. 1956లో న్యూజిలాండునందు మెకంజీయను ఫిజియోథెరపిస్టు నొద్దకు వచ్చిన రోగి యొకడు, తల వైపు ఎత్తుగా నుండిపోయిన బల్లపై ఎవరును చూడనప్పుడు బోర్లపడుకొని, కొంతసేపటికి కాలినొప్పి పోయినదని చెప్పెనట. అనగా, ఆ ఘనత న్యాయముగా నొక బల్లది.

అటుపై ఉదయము సాయంకాలము కమ్యూనిస్టు నాయకుడు జీవానందము పేర వెలసిన వ్యాసర్పాడి జీవా స్టేషను వరకు నడచి వచ్చుచుంటిని. నొప్పి వచ్చిన దారినే వెనుకకు మరలి, వ్రేలు విడిచి, పిక్క విడిచి, నడుమున కొన్నాళ్ళు తారట్లాడి నిష్క్రమించెను.

ఇక దావాలు. కాపడము మహిమ యని అత్తగారు. నూనె మహిమ యని నూనె తెచ్చినవారు. ఎదురింటి అక్కగారు, “మావాడు తన్నకపోతేనేం, రోజూ మీ వాకిలి దాటే కదా గ్రౌండుకు పోయాడు, ఆ గాలి చాలదూ?” అనెను. సాక్ష్యమునకై డాక్టరుగారి నడుగగా, వారు నవ్వి, “నేనేమీ చేయలేదండీ” అనిరి. ఆ మాట వీథిలో పొక్కుటయే తడవు, డాక్టరే ఒప్పుకొన్నాడని అక్కగారి పక్షము బలపడెను.

మొన్న శర్మానగరునుండి తాపీమేస్త్రీ యొకడు నడుము పట్టుకొని వచ్చి ఆ కుఱ్ఱవాని యిల్లడిగెను. నేను వానిని ముందుగా స్టాన్లీకి పొమ్మని తిమ్మిరి మొదలగు గురుతులన్నియు విప్పి చెప్పితిని. వాడు ఓపికగా విని, ఎదురింటి గడప వైపు తిరిగి, “ఏ కాలితో తంతాడమ్మా?” అని అడిగెను.

“మావాడు రెండు కాళ్ళతోనూ ఆడతాడు,” అనెను అక్కగారు.