పారేయని తొక్కను

మీరు కమలాపండు ఒలిచి తొనలు తింటారు, తొక్క పారేస్తారు. మా ఊళ్ళో తొక్క దాచుకుని తొనలు పారేస్తారు. అందుకే నేనింకా ఉన్నాను, నా తొనలు ఏ కాలవగట్టునో కుళ్ళి ఏనాడో మట్టిలో కలిసిపోయాయి.

మాది దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం, షిన్‌హ్వే ప్రాంతం. టాన్ నది మంచినీళ్ళూ సముద్రపు పోటుకు ఎగదన్నే ఉప్పునీళ్ళూ కలిసే ఒండ్రునేల అది. ఆ మట్టిలో పెరిగిన చెట్టు కాయ తొక్కకే అసలు వాసన అని అక్కడివాళ్ళ పట్టుదల. శరత్కాలంలో కోస్తే పచ్చతొక్క, ఘాటు ఎక్కువ. చలి ముదిరేదాకా కొమ్మనే ఉంచితే ఎర్రతొక్క. నేను ఎర్రదాన్ని. కాస్త గర్వం ఉంటే ఏమీ అనుకోకండి.

నన్ను ఒలిచింది ఒక అవ్వ. మూడు గాట్లు పెట్టి, అడుగున విడిపోకుండా మూడు రెక్కలుగా విప్పింది. తొనలను తట్టలోకి విసిరేసింది, వాటివైపు మళ్ళీ చూడలేదు. తోటగట్ల మీద గుట్టలుగా పోసిన తొనలు పులిసి, ఈగలు ముసిరి, కాలవ కంపు కొట్టేది. ఈ మధ్య వాటితో సారా, పులియబెట్టిన రసాలు చేస్తున్నారట. మా వాళ్ళకు ఆ భాగ్యం దక్కలేదు.

నన్ను తిరగేసి, తెల్లపొర పైకి వచ్చేలా ఎండబెట్టి, గోనెసంచిలో పోసి పొయ్యి పైనున్న అటకెక్కించింది. మూడేళ్ళు గడిచేదాకా నాకు ‘చెన్‌పీ’ అన్న పేరైనా రాదు. అప్పటిదాకా ఉత్త ఎండుతొక్కనే. ఏటా పొడిగాలి వీచే రోజుల్లో దించి ఎండ చూపించేది. రంగు ముదిరింది. ముక్కును పొడిచే నూనెఘాటు తగ్గి, మెల్లగా మత్తెక్కించే వాసన వచ్చింది. పాతబడ్డాకే పనికొస్తాయని చైనా వైద్యులు పేర్కొన్న ఆరు మందుల్లో నేనూ ఒకదాన్ని. సోంగ్ చక్రవర్తుల కాలంలో ప్రభుత్వమే రాయించిన ఔషధగ్రంథంలోని ఎర్‌చెన్ కషాయంలో బాన్‌షియా దుంప, ఫూలింగ్ అనే శిలీంధ్రం, అతిమధురం నా తోటివాళ్ళు. కఫానికి ఆ కషాయం పేరుమోసింది. కడుపుబ్బరం, అరగకపోవడం, వికారం వస్తే అసలు నన్నే ముందు వెతికేవాళ్ళు. లీ షిజెన్ అనే వైద్యుడు రాయగా 1596లో అచ్చయిన ఔషధ మహాగ్రంథంలోనూ నాకు చోటుంది. కడుపు మందుకైతే లోపలి తెల్లపొర ఉంచాలి, కఫానికైతే గీకేయాలి అన్న పాత విచక్షణ ఒకటుంది. అవ్వ ఏ పుస్తకమూ చదవలేదు. అయినా మనవడికి కడుపునొప్పి వస్తే నా రెక్క తెల్లపొరతో సహా గంజిలో వేసేది. పండగకు బాతుకూరలో, ఎర్రచిక్కుళ్ళ పాయసంలో కూడా వేసేది. మందుకూ వంటకూ మధ్య ఆవిడ గీత గీయలేదు.

ఆ తర్వాత తోటలకు చావొచ్చింది. సిల్లిడ్ అనే చిన్న పురుగు మోసుకొచ్చే బాక్టీరియాతో ఆకులు పసుపెక్కి, కాయ గిడసబారి, చెట్టు నిలువునా ఎండిపోయేది. మీ బత్తాయి రైతులు గ్రీనింగ్ తెగులంటారే, అదే. దానికి తోడు మార్కెట్టులో మమ్మల్ని అడిగేవాడు లేడు. చెట్లు కొట్టేసిన రైతులు ఎందరో. నన్ను కన్న చెట్టూ ఆ లెక్కలో పోయే ఉంటుంది.

అవ్వ పోయాక సంచి కొడుక్కి వచ్చింది. అతను పట్నంలో ఎత్తయిన ఫ్లాటుకు మారాడు. నన్ను ప్లాస్టిక్ కవర్లోకి మార్చి, బిగించి ముడివేసి, ఫ్రిజ్ వెనక సందులోకి తోశాడు. ఊపిరాడని తొక్క పాతబడదు, పాడవుతుంది. ఈ మాట అవ్వనడిగితే చెప్పేది. వసంతంలో మా వైపు దక్షిణపు తేమగాలి వీచినప్పుడు గోడలు చెమరుస్తాయి, నేల మీద నీళ్ళు నిలుస్తాయి. ఆ తేమ కవర్లోకి చేరింది. నా పక్కవాటి మీద బూజు పట్టింది. నేను నడిమధ్యలో ఉండి బతికాను. కోడలు కవరు విప్పి ముక్కు మూసుకుని, సగానికి సగం చెత్తలో పడేసింది. మిగతా సగం ఎందుకు ఉంచిందో తెలియదు. మా అత్తగారు దాచినవి కదా అనుకుందో, చెత్తబుట్ట నిండిందో. మళ్ళీ సందులోకే వెళ్ళాం. ఎండ చూసి ఎన్ని చలికాలాలయ్యాయో. మధ్యలో ఎవరో అదే సందులో కలరా ఉండలు కూడా పెట్టారు. నా వాసన పక్కన ఆ వాసన! అంతకన్నా అవమానం నేనెరగను.

ఇంతలో లోకం తిరగబడింది. 2006లో షిన్‌హ్వే తొక్కకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021లో నన్ను తయారుచేసే పనితనం జాతీయ వారసత్వ జాబితాకెక్కింది. పచ్చికాయలో గుజ్జు తీసేసి ప్యూఎర్ టీ నింపి అమ్మడం ఫ్యాషనైంది. పాత తొక్క ధర చెట్టెక్కింది. దాంతో దొంగవయసులు బయల్దేరాయి. కొత్త తొక్కను టీ నీళ్ళలో ముంచి, వేడి చేసి, నల్లబరిచి ముసలిదని అమ్మేస్తారు. వెలుతురుకు ఎత్తి నూనెగుంతలు చూసేవాళ్ళు, నలిపి వాసన పట్టేవాళ్ళు మోసపోరు. మిగతావాళ్ళు డబ్బా మీది అంకె చదివి మురిసిపోతారు.

ధర విన్న కొడుకు ఆ సాయంత్రమే ఫ్రిజ్ జరిపాడు. నన్ను బాల్కనీలో ఎండబెట్టి, గాజుసీసాలో పోసి, హాల్లో నలుగురూ చూసే అరలో పెట్టాడు. చీటీ మీద నా వయసు కాస్త పెంచే రాశాడు. తొక్కకు సిగ్గేమిటి, ఊరుకున్నాను.

మొన్న రాత్రి విందు మరీ భారమై అతని కడుపు ఉబ్బిపోయింది. హాల్లో అటూ ఇటూ తిరిగాడు. సీసా ముందు ఆగాడు, మూత మీద చెయ్యి వేశాడు. ఎన్నాళ్ళకు నా పని వచ్చిందని సంతోషించాను. ఒక రెక్కకు ఎంత ధర పలుకుతుందో లెక్క వేసుకున్నట్టున్నాడు, చెయ్యి తీసేశాడు. సొరుగులోంచి గ్యాస్ మాత్ర తీసి మింగి పడుకున్నాడు.