అది శిశువు కాదు మహాప్రభో!

శ్రీయుత రహదారి భద్రతాధికారివర్యుల దివ్యసముఖమునకు, నలుబదియేండ్లు పాఠశాలలో వ్యాకరణము బోధించి, పరుల తప్పులు దిద్దుటయేగాని తన తప్పు పరులచే దిద్దించుకొనుట యెరుగని యొక విశ్రాంత తెలుగు పండితుడు సవినయముగా చేసికొను విన్నపము.

తమ శాఖవారు పంపిన చలానా చేరినది. సంతోషము. పదునాలుగేండ్లు నిండని బిడ్డను బెల్టుతో గాని, శిశువులకై యేర్పడిన ప్రత్యేకాసనములో గాని భద్రపరుపక, మా యావిడ యొడిలో కూర్చుండబెట్టుకొని, 16వ నంబరు జాతీయ రహదారిపై కారు నడిపినందులకు, 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టమందలి 194బి సెక్షను రెండవ ఉపవిధి ననుసరించి నేను 1000 రూపాయలును, దానికి తోకగా 35 రూపాయల రుసుమును చెల్లింపవలెనని అందులో నున్నది. నేరము జరిగిన 15 దినములలోగా తాఖీదు పంపవలెనని 2021లో వ్రాసిన నియమమును గూడ తాము తప్పలేదు. పదునాలుగవ నాటి సాయంకాలము, నేను సంధ్యవార్చుకొనుచుండగా, సెల్‌ఫోను మ్రోగినది. ఛాయాచిత్రమును జతపరచినారు. కడు స్ఫుటముగా నున్నది. కారు నాదే. స్టీరింగు వెనుక నోరు తెరచుకొని యున్నవాడను నేనే. ప్రక్కన బెల్టు పెట్టుకొని, కంచిపట్టుచీర కట్టుకొని కూర్చున్నది నా ధర్మపత్నియే. ఆమె యొడిలో తెల్లని తువ్వాలు చుట్టుకొని, పచ్చని మోముతో, నొసట ఎర్రని బొట్టుతో నున్నది మాత్రము బిడ్డ కాదు. అది బూడిద గుమ్మడికాయ.

ఆనాడు మా తమ్ముని గృహప్రవేశము. గుమ్మమునకు కట్టుటకై తొడిమ యూడని కాయను వెదకి వెదకి రైతుబజారులో నేనే తట్టి చూచి కొంటిని. ఏడు కిలోలు తూగినది. డిక్కీలో పడవేసినచో దొర్లి తొడిమ విరుగుననియు, తొడిమ విరిగిన కాయ గుమ్మమునకు పనికిరాదనియు, ఊరక యొడిలో పెట్టుకొన్నచో దాని బూడిద పట్టుచీరకు అంటుననియు, ముహూర్తము దగ్గరపడుటచే అక్కడికి పోయిన పిదప పసుపుకుంకుమలు పెట్టుటకు వ్యవధి చాలదనియు, ఇట్లు నాలుగు వైపుల ఆలోచించి, మా యావిడ ఇంటియొద్దనే దానికి పసుపు పూసి, బొట్టుపెట్టి, తువ్వాలు చుట్టి, ముప్పదిరెండు కిలోమీటర్లు కదలనీయక పొదివి పట్టుకొని వచ్చినది. ఇందులో నేరము ఏ పదములో నున్నదో, ఏ విభక్తిలో నున్నదో నాకు తెలియుటలేదు.

అయ్యా, దానికి చేతులున్నవా? కాళ్ళున్నవా? పోనీ, యంత్రమునకు కన్నే గాని బుద్ధి లేదనుకొందము. యంత్రము పట్టిన బొమ్మను మనుష్యుడొకడు చూచి, ఔనని, మీట నొక్కవలెను గదా! ఆ మనుష్యుడెవడు? వాని యింట గుమ్మడివడియములు పెట్టరా? వానిని గన్నతల్లి ఏనాడును వానిచేత కాయ తరిగింపలేదా? క్షమింపుడు. వినయముగా వ్రాయుదమని కూర్చుంటిని. రెండు పేరాలకే అది యూడిపోయినది.

అభ్యంతరము తెలుపుకొనుటకు తమవారొక ఫారము పెట్టినారు. అందులో కారణములు ముందే వ్రాసియుంచినారు: వాహనము నాది కాదు, చలానా చెల్లించియున్నాను, నంబరు తప్పుగా పడినది, ఇతరములు. నేను ‘ఇతరములు’ నొక్కితిని. బిడ్డ వయస్సు ఎంత అని అడిగినది. సున్న వేసితిని. ఒప్పుకొనలేదు. ఒకటి వేసినచో అసత్యమగునని మానివేసి, మరునాడు స్వయముగా కార్యాలయమునకు పోయితిని.

అచట కుర్చీలోనున్న కుర్రవాడు మర్యాదస్థుడే. చిత్రమును పెద్దది చేసి చూచి, “బాబు మొహం క్లియర్‌గా కనబడుతోంది కదండీ, బొట్టు కూడా పెట్టారు” అన్నాడు. అది కాయ నాయనా అంటిని. “కాయకి తువ్వాలెందుకు చుడతారండీ?” బూడిద అంటునని చెప్పితిని. ఆనాడు నేను తొడుగుకొన్న చొక్కా భుజముపై ఆ తెల్లని పొడి యుండినది. తెచ్చి చూపుదమన్నను, మా యావిడ దానిని ఏనాడో ఉతికివేసినది. గుమ్మడికాయల దొంగ యెవడనగా భుజములు తడవికొన్నవాని కథను నలుబదియేండ్లు పిల్లలకు చెప్పినవాడను. లోకములో భుజమంటిన బూడిద దొంగతనమునకు గురుతు. నాకో, అదియే నిర్దోషిత్వమునకు మిగిలిన యేకైక సాక్ష్యము, అదియు సబ్బునీటిలో పోయినది.

ఇక నా తెలివితక్కువ చూడుడు. చట్టమనిన నాకు గౌరవము గలదని తెలుపుటకై, శిశువుల ఆసనమును నేను స్వయముగా కొనిన రసీదు తీసి వాని యెదుట పెట్టితిని. వాడు చదివి, “మరి సీటు కొన్నారంటే ఇంట్లో పిల్ల ఉన్నట్టే కదా మాస్టారూ! వెయ్యి రూపాయలే, కట్టేయండి, పోతుంది” అన్నాడు.

ఆ ఆసనము కథ తమకు అక్కరలేదు గాని, రసీదు బయటపడినది గనుక చెప్పెదను. నా కుమారుడు న్యూజెర్సీలో నున్నాడు. అక్కడ రెండేండ్లలోపు, 30 పౌనులలోపు బిడ్డను వెనుకకు మొగము త్రిప్పి, ఐదు పట్టీల ఆసనములో బిగింపవలెనని శాసనము. మా మనుమరాలికి పదునాలుగు మాసములు. వీడియోలో చూచుచుందుము, పట్టీల నడుమ కూర్చుండి, పోవుచున్న దారిని గాక వచ్చిన దారిని చూచుచుండును. సంక్రాంతికి వచ్చెదమన్నారు. ఇక్కడను ఆ భద్రత తప్పరాదని తొమ్మిదివేలు పోసి ఆసనము కొంటిని. సెలవు దొరకలేదట, రాలేదు. అది అట్టపెట్టె విప్పకయే అటుకమీద నున్నది. కావున, మహాశయా, తాము నేర్పబూనిన పాఠము నాకు కంఠస్థము. నేను నియమమును ఎదిరించువాడను గాను. నా మొర ఒక్కటే: బిడ్డ లేదు.

బిడ్డలు కావలెనన్న, ఆ కెమెరా స్తంభము క్రిందనే ప్రతి యుదయము ఎనిమిదింటికి పోవుచున్నారు గదా! ముగ్గురు కూర్చుండు ఆటోలో పదునొకండుగురు, సంచులు బయట వ్రేలాడగా, ఇద్దరు డ్రైవరునకు చెరియొక ప్రక్క నతుకుకొని. పాపము, ఇంత చవుకగా వారిని బడికి చేర్చువాడు మరియొకడు లేడు గనుక తల్లిదండ్రులు కన్నులు మూసికొన్నారు, తమ యంత్రము తెరచియుండియు మూసికొన్నది. తొమ్మిది మాసములు మొదలు నాలుగేండ్లవరకు గల పిల్లలను ద్విచక్రవాహనముపై ఎక్కించుకొన్నచో శిరస్త్రాణమును, నడపువానికి కలిపికట్టు పట్టీయు ఉండవలెననియు, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు 2022లో నియమము వ్రాసినారు. ఆ పట్టీని కంటితో చూచినవారు మా యూర నెవరైన నున్నచో వారికి శాలువ కప్పెదను. యంత్రముతో పట్టుచున్నామని ముందే తెలుపు హెచ్చరిక పలక కూడ నియమములలోనిదే. అది యున్నది, ఒక నాయకుని జన్మదినపు ఫ్లెక్సీ వెనుక నున్నది. సున్నము వేయని స్పీడుబ్రేకరు మాట ఎత్తను.

ఇంటికి వచ్చి జరిగినది చెప్పగా మా యావిడ ఫోను తీసికొని, ఆ చిత్రమును వ్రేళ్ళతో పెద్దది చేసి, చాలసేపు చూచినది. కోపగించునేమో యనుకొంటిని. “నిజంగా పిల్లలాగే ఉందండీ” అన్నది. ఆ చిత్రమును తన ఫోనునకు పంపించుకొన్నది.

నేను వెయ్యి రూపాయలకు వెనుదీయువాడను గాను. కాని చెల్లించిననాడు ఒడిలో బిడ్డను నిర్లక్ష్యముగా మోసికొనిపోయిన దంపతులమని తమ దస్త్రములలో శాశ్వతముగా నిలిచిపోవుదుము. మా మనుమరాలు పెరిగి పెద్దదై అది చూచెనా, ఆ బిడ్డ ఎవరని అడుగదా?

సాక్షి ఇంకను సజీవముగా నున్నది. మా తమ్ముని గుమ్మమున ఉట్టిలో వ్రేలాడుచున్నది. కాని పది దినములకే క్రుంగి, క్రిందిభాగము మెత్తబడి, బొట్టుబొట్టుగా కారుచున్నదట. ఎవరిదో గట్టి దృష్టియే తగిలినది, అంతయు కాయ లాగివేసినదని మా మరదలు సంతోషించుచున్నది. ఎవరి దృష్టియో నేను చెప్పలేదు. వచ్చు అమావాస్యకు దింపి క్రొత్తది కట్టెదరు. దయయుంచి అంతలోపల తమ సిబ్బందిలో ఒకరిని పంపుడు. పసుపు ఇంకను కొంత అంటియున్నది, బొట్టును పోల్చుకొనవచ్చును. దూరమని సందేహింపవలదు, నా కారులోనే తీసికొనిపోయెదను, బెల్టు నేనే పెట్టెదను. త్రోవలో క్రొత్త కాయను కొనవలసియున్నది. దానిని ఎక్కడ కూర్చుండబెట్టవలెనో కూడ వారినే సెలవిమ్మని చెప్పుడు.

ఇట్లు,
చలానా చెల్లింపని విధేయుడు