ప్రకృతికి అప్పగించిన పారిశుద్ధ్యము

సముద్రమున కావలనున్న శత్రువు జాడను క్షణములో పసిగట్టగల సైన్యమునకు, తన నూతిలోని విషమును పసిగట్టుటకు సుమారు మూడు దశాబ్దములు పట్టినదన్నచో, తొందరపడి నిందింపరాదు. అంతటి ఓర్పు సామాన్యులకు అలవడునది కాదు. అమెరికాలో ఉత్తర కరొలైనా తీరమున మెరైన్ దళమువారికి క్యాంప్ లెజ్యూన్ అను మహాస్థావరము కలదు. 1953 మొదలు 1987 వరకు అచ్చటి సైనికులును, వారి ఆలుబిడ్డలును, కొలువుచేయు పౌరులును (పది లక్షలమంది వరకు ఉందురని అంచనా) ట్రైక్లోరోఇథిలీను, పెర్‌క్లోరోఇథిలీను, బెంజీను మున్నగునవి కలిసిన నీటినే త్రాగి, ఆ నీటనే స్నానమాడి, ఆ నీటనే పసివారికి పాలపొడి కలిపిరి. యంత్రముల జిడ్డు వదల్చు ద్రావకములు, భూమిలోని ట్యాంకులనుండి కారిన పెట్రోలు, స్థావరమున కావలి డ్రైక్లీనింగు దుకాణపు వ్యర్థములు, అన్నియు ఆ నూతులకే చేరినవి. 1945 నుండి 1958 వరకు పురుగుమందులు నిలువచేసిన కట్టడమునే అనంతరము శిశుసంరక్షణ కేంద్రముగా మార్చి, 1982 వరకు నడిపిన ఘనతయు ఈ స్థావరమునకే దక్కినది.

1980లో నీటిని పరీక్షించినవారు అది మిక్కిలి కలుషితమైనదని వ్రాసిరి. 1982లో ఒక నమూనాయందు నూరుకోట్ల పాళ్ల నీటికి 1400 పాళ్ల ట్రైక్లోరోఇథిలీను కనబడెను. తరువాత చట్టము అనుమతించినది 5 పాళ్లు మాత్రమే. నూతులను మూయుట 1984 చివర ఆరంభమైనది. 1985లో అచ్చటి కుటుంబములకు పంపిన ప్రకటనలోనో, కనబడిన రసాయనములు అత్యల్పములనియు, వానికి ప్రభుత్వము ఇంకను పరిమితి నిర్ణయింపలేదనియు సెలవిచ్చిరి. పరిమితి లేనిచోట అతిక్రమణము లేదు, అతిక్రమణము లేనిచోట అపరాధము లేదు! ప్రభుత్వ శాసనపత్రము అచ్చుపడి తన చేతికి అందువరకు బెంజీను మనుష్యుని ఎముకలలోని మూలుగను ముట్టక మర్యాదగా వేచియుండునని కాబోలు అధికారుల విశ్వాసము. సేంద్రియ ద్రావకములు ప్రమాదకరములనియు, వానిని ఇష్టము వచ్చినచోట పారబోసినచో త్రాగునీరు చెడుననియు 1974లో ఆ స్థావరమే ఒక ఉత్తరువు వెలువరించియుండెను. ఉత్తరువులు వ్రాయుట సైన్యపు వృత్తిధర్మము. చదువుట వేరు శాఖవారి పని కావచ్చును.

1989లో ఆ స్థలము జాతీయ ప్రక్షాళన పట్టికకు ఎక్కినది. కొన్నిచోట్ల భూగర్భజలమును తోడి శుద్ధిచేయుట నిజమే, దానిని పరిహసింపను. కాని మరికొన్నిచోట్ల అవలంబించిన మార్గమునకు 'పర్యవేక్షిత సహజ క్షీణత' యని శాస్త్రీయ నామము. విషమును ప్రకృతి తనంతట తాను హరించుచుండగా, మనము నమూనాలు తీసి నివేదికలు వ్రాయుచుండవలెను. వాకిటి చెత్తను ఊడ్వక, గాలి యెప్పుడు ఎగురగొట్టునా యని అరుగుపై కూర్చుండి లెక్కలు వ్రాసుకొను గృహస్థుని మనము సోమరి యందుము. అతనికి ఇట్టి నామము తెలియకపోవుటయే అతని దురదృష్టము. పైగా ప్రాణవాయువు లేని నేలలో సూక్ష్మజీవులు ట్రైక్లోరోఇథిలీను నుండి క్లోరినును ఒక్కొక్కటిగా ఊడదీయునపుడు, నడుమ వినైల్ క్లోరైడు పుట్టును. అది మనుష్యులకు పుట్టకురుపు కలిగించునని నిర్ధారితమైన పదార్థము. అది కూడ క్షీణించువరకు ఆ నేలను త్రవ్వకుడనియు, ఆ నీటిని తోడకుడనియు ఆంక్షలు విధించి, అయిదేండ్లకొక సమీక్ష జరుపుదురు. మనుష్యులను దూరముగా నుంచుటయు శుద్ధియే కాబోలు.

ఆ నీటివలన తమకు వ్యాధులు కలిగినవని బాధితులు న్యాయస్థానమునకు పోగా, కలుషితము చేసిన చివరి చర్య జరిగిన పదేండ్లకే ఉత్తర కరొలైనా చట్టము ప్రకారము గడువు తీరినదని 2016లో వారి వ్యాజ్యములను కొట్టివేసిరి. వ్యాధి మాత్రము ఆ చట్టమును పాటింపక, తనకు తోచినపుడు పైకివచ్చెను. తుదకు 2022లో ప్రత్యేక చట్టము చేయగా నాలుగు లక్షలకు పైగా పరిహారపు దరఖాస్తులు దాఖలైనవి. అందరును రెండేండ్లలోపల దరఖాస్తు చేయవలసియుండెను; ఆ గడువు 2024లో ముగిసినది. ఆలస్యమును ప్రభుత్వము సహింపదు.