జాగర పద్యానికి టీకా తాత్పర్యం

దించుకున్న ఫైళ్ళు దిబ్బలై పేరగా
రంగు పూసి పూసి రాత్రి గడిపి
మూసి చెప్పమన్న మూగబోవును వీడు
చదువు కాదు బాబు జాగరంబు

అవతారిక: పిహెచ్‌డీలో చేరి మూడేళ్ళయినా ఒక్క అధ్యాయమూ రాయని స్కాలరును చూసి అతని గైడు చెప్పిన పద్యమిది. గైడు పేరు చెప్పను. స్కాలరును నేనే.

టీక: దించుకున్న = డౌన్‌లోడు చేసుకున్న; ఫైళ్ళు = పీడీఎఫ్‌లు; దిబ్బలై = కుప్పలై; పేరగా = గడ్డకట్టగా; రంగు పూసి పూసి = హైలైటరుతో వాక్యాలన్నిటికీ పసుపు రాసి; మూసి = పుస్తకం మూసి (నది అన్న హైదరాబాదు వ్యాఖ్యాతల మాట అగ్రాహ్యం); మూగబోవును = నోరు పెగలదు; వీడు = పైన చెప్పినవాడు; జాగరంబు = శివరాత్రినాడు మేలుకొని ఉండడం. ఆ రాత్రి కనీసం పుణ్యమైనా వస్తుంది.

తాత్పర్యం: సేకరించడం, గీతలు గీయడం, నిద్ర మానుకోవడం చదువు కావు.

విశేషాలు: 'దించుకున్న' శ్లేష. మొదట ఫైలు దించుకుంటాడు, ఆపై గైడు ముందు తల. 'రాత్రి' స్థానంలో 'ఏండ్లు' అని పాఠాంతరం ఉంది. యతి చెడింది గాని, అర్థం నాకు మరీ బాగా సరిపోయింది. అలంకారం అతిశయోక్తి అంటారు చూడనివారు. చూసినవారికిది స్వభావోక్తి.

పద్యానికి ప్రాణం 'మూసి చెప్పమన్న' అన్న మాట. వీధిబడిలో దీన్నే అప్పజెప్పడం అనేవారు. వేదపాఠశాలలో ఇప్పటికీ పుస్తకం చూడకుండానే గురువుకు అప్పజెప్పాలి.

పూర్వపక్షం: 'నాలుగుసార్లు చదివితే చాలదా? అప్పజెప్పడం బట్టీకి కదా, పరిశోధనకెందుకు?'

సిద్ధాంతం: 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి పరీక్షించారు. కొందరు నాలుగుసార్లూ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత వాళ్ళకు మిగిలింది 40 శాతం, చూడకుండా రాసినవాళ్ళకు 61 శాతం. మోసమంతా ఆ మొదటి అయిదు నిమిషాల్లోనే ఉంది. పేజీ తెలిసినట్టే ఉంటుంది, అయిదో పసుపు గీత దగ్గర పండితుణ్ణయిపోయాననీ అనిపిస్తుంది.

ఇక పరిశోధన సంగతి. వ్యాసం పక్కన పెట్టి 'ఇతను చెప్పిందేమిటి, నేను ఎక్కడ ఒప్పుకోను' అని తెల్ల కాగితం మీద నాలుగు ముక్కలు రాస్తే అది బట్టీ కాదు, సిద్ధాంతగ్రంథానికి మొదటి చిత్తుప్రతి. ఆ నాలుగు ముక్కలూ రాయలేకపోతే వ్యాసం మళ్ళీ తెరవాలి, మరో వ్యాసం దించుకోకూడదు. నేను దించుకునేవాణ్ణి. అన్నీ చదివాక రాద్దామని కూర్చున్నవాడికి 'అన్నీ' ఎప్పటికీ పూర్తికావు.

వ్యాఖ్యాత మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని మాటిచ్చాడు. నేనివ్వలేదు గనుక ఒక కోరిక కోరతాను. ఇప్పుడు పత్రిక మూసి పద్యం అప్పజెప్పండి. రెండో పాదం దగ్గర ఆగిపోతే బెంగపడకండి. నిన్న మా గైడు అడిగినప్పుడు నేనూ అక్కడే ఆగాను.